ఎవరికి మారుమూల?

మా సోషల్ సారు పోయారు. గుండె నొప్పి వస్తే తాండూరు నుంచి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తుండగా, పూడూరు దగ్గర అంబులెన్సులోనే, పట్టపగలు ప్రాణం పోయింది. మరుసటి రోజు ఒక పేపరులో నాలుగు లైన్ల వార్త వచ్చింది: మారుమూల ప్రాంతంలో విద్యాసేవ చేసిన ఉపాధ్యాయుడి మృతి. నేను ఆ పేపరు ఆఫీసుకు ఫోన్ చేసి, ఎవరికి మారుమూల అని అడిగాను. అవతలి మనిషి మర్యాదగానే, "అలా రాయడం మామూలే మేడం" అన్నాడు. ఆ మామూలు నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు తాండూరు సర్కారు బడిలో తొమ్మిదో తరగతి సోషల్ చెప్పారు. దేశానికి కేంద్ర ప్రాంతం అంటే ఏమిటో పుస్తకంలో ఒక పాఠం ఉండేది. అధికారం, పరిశ్రమలు, పెద్ద ఆసుపత్రులు, పెద్ద చదువులు, అందరూ మంచి భాష అనుకునే భాష ఒక్కచోట పోగైతే అది కేంద్రం, మిగిలినదంతా అంచు అని దాని సారం. ఆ పాఠాన్ని సారు ఏనాడూ గదిలో చెప్పలేదు. మమ్మల్ని రైల్వే గూడ్సు షెడ్డు ముందుకు తీసుకెళ్లి, చెట్టు నీడన కూర్చోబెట్టి, నోటుబుక్కులో పేజీ నడుమ గీత కొట్టించేవారు. ఎడమ పక్క మన ఊరి నుంచి పోయేవి, కుడి పక్క వచ్చేవి రాయాలి. పోయేవి నాపరాతి బండలు, సిమెంటు, కందిపప్పు. వచ్చేవి పేపరు కట్టలు, బడి పుస్తకాలు, ఆఫీసులకు ఉత్తర్వులు.

"పోయేదంతా బరువు, వచ్చేదంతా కాగితం. గిట్లెందుకున్నదో ఇంట్ల అడుగుండ్రి. ఇంట్లోళ్లకు తెల్వకుంటే తహసీల్దారును అడుగుండ్రి" అనేవారు. మా క్లాసులో ఇద్దరు నిజంగానే వెళ్లి అడిగొచ్చారు.

ఇంట్లో ఆయనది దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, షెడ్డు దగ్గర హమాలీలతో కన్నడం. కొత్తగా పట్నం నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ మా మాట విని నవ్వితే, "మూడు భాషలు కలిసే తావు మేడం ఇది, గిది అంచెట్లయితది" అన్నారు నెమ్మదిగా. ఆవిడ మళ్లీ నవ్వలేదు. దేశపటాన్ని గోడకు మా నడుముల ఎత్తులో తగిలించేవారు, అందరి చేతికీ అందాలని. ఏటేటా పిల్లల వేళ్లు ఆనీ ఆనీ తాండూరు ఉన్నచోట పటానికి చిల్లు పడింది. కొత్త పటం ఇస్తామన్నా తీసుకోలేదు.

నేను బండలు కొట్టే కూలీ కూతుర్ని. క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు. ఒకరోజు పట్నం నుంచి తనిఖీకి వచ్చిన అధికారి, దేశానికి కేంద్ర ప్రాంతం ఏదని అడిగాడు. ఎవరూ లేవలేదు. ఏ ధైర్యం వచ్చిందో, నేను లేచి "తాండూరు సార్" అన్నాను. అధికారి నవ్వాడు. క్లాసంతా నా జవాబుకు అవునన్నట్టు తల ఊపడం చూసి ఆ నవ్వు పోయింది.

"మీరు చెప్పింది ఇదేనా?" అని సారును అడిగాడు.

పిల్ల పొరపాటు పడింది అంటే సరిపోయేది. సారు నావైపు ఒకసారి చూసి, "అవును సార్, నేను చెప్పిందే" అన్నారు.

నెల తిరక్కుండా ఆయనను మర్పల్లికి బదిలీ చేశారు. ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉంది, అందుకని కాపురం మార్చలేదు. పొద్దున్నే రైలెక్కి, వికారాబాద్‌లో దిగి, బస్సు పట్టుకుని పోయేవారు. అలా ఎన్నో ఏళ్లు తిరిగారు. స్టేషన్ దారిలో ఆయన కనిపిస్తే నేను పక్క సందులోకి తప్పుకునేదాన్ని. నా ఒక్క మాట ఆయన కాళ్లరిగేలా చేసిందన్న సిగ్గు నన్ను వదల్లేదు.

తర్వాత నేనూ సోషల్ టీచరునయ్యాను, కోట్‌పల్లిలో. అదే పాఠం చెప్పడానికి శ్రద్ధగా చదివితే నా జవాబు ఎంత తప్పో తెలిసి సిగ్గు రెట్టింపయింది. సారు అలా ఎన్నడూ చెప్పలేదు. నిరుడు వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద కనిపించినప్పుడు ఇక తప్పుకోలేదు, ఎదురువెళ్లి నా తప్పు ఒప్పేసుకున్నాను.

"నాకు తెల్వదా బిడ్డ" అన్నారు. "కేంద్రమంటే ఫైసలా అయ్యే తావు. మన బండ యాడికి పోవాలె, మన పిల్లలు ఏం చదవాలె, అన్నీ ఆడ్నే ఫైసలా అయితయి. గది మన దగ్గర లేదు. ఎందుకు లేదో అడగమన్న, గంతే. నువ్వు ఉన్నదనుకున్నవ్."

"మరి ఆ తనిఖీకొచ్చినాయనకు గదే చెప్తే అయిపోతుండె గద సార్. బదిలీ తప్పేది."

"అప్పటిదాంక ఒక్కసారన్న నోరు తెరిచినవా నువ్వు? మొదటిసారి లేచి నిలబడ్డవ్. ఆయన ముంగట నిన్ను దిద్దితే మళ్ల లేస్తుంటివా? పాఠం ఎప్పుడన్న దిద్దుకోవచ్చు. కూసున్న పిల్లను లేపుడు కష్టం." నా ఏడుపు చూసి, "మర్పల్లి గురించి ఫికర్ చెయ్యకు. ఆడ సుత మస్తు మంది లేసిండ్రు" అన్నారు.

అప్పుడే పట్నం నుంచి బండి వచ్చి ఆగింది. తలుపులన్నీ ఒక్కసారి జనాన్ని వదిలాయి. "జర పక్కకు జరుగు పెద్దాయనా" అంటూ సంచులతో, పెట్టెలతో మా మీదికే వచ్చారు. నేను స్తంభం పక్కకు జరిగాను. సారు జరగలేదు. ప్లాట్‌ఫారం నట్టనడుమ, బక్కపలచటి మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. వచ్చిన జనమంతా ఆయన దాకా వచ్చి, రెండు పాయలుగా చీలి, ఆయన చుట్టూ తిరిగి వెళ్లారు.