సత్యానందంగారు తాగిన మంచినీళ్ళు

మా బందరులో ఏ ఇంటి నీళ్ళ రుచి ఏమిటో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన పేరు సత్యానందం. ఉద్యోగం పోస్టుమేన్. జబ్బు మంచినీళ్ళు.

దాహం వేస్తే మనమూ అడిగి తాగుతాం. ఆయనకు దాహంతో పని లేదు. గుమ్మంలో సైకిల్ బెల్లు మోగించి, ఉత్తరం చేతిలో పెట్టి, "అమ్మా, ఒక్క గ్లాసు మంచినీళ్ళు" అనేవారు. ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పి, మింగి, తీర్పు చెప్పేవారు. "ఇది పంపు నీరు. మూడు రోజుల కిందట పట్టింది. బిందె చింతపండుతో తోమారు."

పోస్టుమేన్లు టపా పంచే బీట్లు తనిఖీ చేసే ఓవర్సీరును నేను. సాటి ఉద్యోగి కదా అని మొహమాటానికి ఒకసారి ఇంటికి పిలిచాను. మా ఆవిడ సత్యవతి పెద్ద గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగి, "అమ్మా, గ్లాసుకు సబ్బు ఇంకా వదల్లేదండి" అన్నారు. ఆ తర్వాత ఆరు నెలలు మా ఇంట్లో ఆయన పేరెత్తితే నాకు కాఫీ ఆగిపోయేది.

మిఠాయి కొట్టువాడు పిలిచి లడ్డూ చేతిలో పెడితే, దాన్ని పక్కన పెట్టి, "పాకం ఏ నీళ్ళతో పట్టావయ్యా?" అని అడిగిన మనిషి. పెళ్ళిళ్ళలో అందరూ పప్పు కోసం, నెయ్యి కోసం చూస్తుంటే ఆయన గంగాళం దగ్గర నిలబడేవారు. "పెళ్ళికూతుర్ని చూశారా మాస్టారూ?" అంటే, "లేదండి, నీళ్ళు చూశాను. బాగున్నాయి. సంబంధం నిలబడుతుంది" అనేవారు.

అయితే ఆయన తీర్పుల్లో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. "ఉప్పు దిగిందండి."

"సముద్రం ఎక్కడో ఉంటే మా చేతిపంపులోకి ఉప్పెలా వస్తుందండీ?" అని జనం నవ్వేవారు.

"పైనుంచి వస్తే తుఫాను అంటారు, పరిగెడతారు. ఇది కిందనుంచి వస్తోంది. చప్పుడు చెయ్యదు. తొంభై తుఫాను నాటికి రేవు పక్కన గిలకలదిండి దగ్గరే ఉండేది. ఇప్పుడు చిలకలపూడి వైపు నాలుగు వీధులు దాటింది."

"అడ్రసు మార్చుకుందన్నమాట! మీకు కార్డు రాసిందా?"

"రోజూ రాస్తోందండి. మీరు చదవట్లేదు."

నేనూ నవ్వినవాడినే. కానీ ఇంటికెళ్ళి మొక్కలకు నీళ్ళు పోస్తుంటే ఆలోచన వచ్చేది. మా చిన్నప్పుడు మా నూతి నీళ్ళతో కందిపప్పు మెత్తగా ఉడికేది. ఇప్పుడు కుక్కరు ఎన్ని కూతలు కూసినా పలుకు పలుకే. పెరట్లో మల్లె అంటు మూడుసార్లు వేశాం, మూడుసార్లూ ఆకు అంచులు మాడి చచ్చిపోయింది. వానలు వస్తే ఒక్కరోజే వీధులు ముంచేసేవి, రాకపోతే నెలలు గడిచేవి. తీరాన మడచెట్లున్న చోట రొయ్యల చెరువులు వచ్చాయి. ఇవన్నీ కళ్ళముందే జరిగాయి. మేం కళ్ళతో చూసి మర్చిపోయాం, ఆయన నాలుకతో గుర్తుపెట్టుకున్నారు.

రెండువేల మూడు ఎండాకాలం వచ్చింది. వడగాడ్పులకు మధ్యాహ్నం వీధిలో కాకి కూడా కనపడేది కాదు. కాలవలో నీళ్ళు లేవు, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు. సత్యానందంగారి బీటులో పెద్ద ఇల్లు వెంకట్రామయ్యగారిది. ఆయన పెరట్లో నూటయాభై అడుగుల బోరు వేయించి, కొబ్బరికాయ కొట్టి, వీధివీధంతా పిలిచారు. పాత నుయ్యిని రాళ్ళూ మట్టీ పోసి పూడ్పించేస్తానని ప్రకటించారు. సరిగ్గా అప్పుడే మనియార్డరు ఫారంతో సత్యానందంగారు దిగారు.

"రావయ్యా! నీ నోటితో చెప్పు, ఎలా ఉన్నాయో" అన్నారు వెంకట్రామయ్యగారు.

సత్యానందంగారు గుక్క పట్టారు. బుగ్గలు తిప్పారు. మింగలేదు, పక్కకెళ్ళి ఉమ్మారు.

"ఆవకాయకు వేరే ఉప్పు అక్కర్లేదండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకట్రామయ్యగారి మొహం కందగడ్డయింది.

"అయ్యా, కోప్పడకండి. వాన నీళ్ళు పైన పలచగా తేలుతుంటాయి, కింద అంతా సముద్రమే. లోతుకెళ్ళి మీరు దానికి దారి చూపించారు. మీ పాత నుయ్యి పదిహేను అడుగులే, అందుకే తియ్యగా ఉంది. దాన్ని మాత్రం పూడ్చకండి."

"నా నుయ్యి, నా ఇష్టం! ఉత్తరాలిచ్చేవాడివి ఉత్తరాలియ్యి!"

మర్నాటి నుంచి సత్యానందంగారు ఉత్తరం ఉన్నా లేకపోయినా ఆ ఇంటికి వెళ్ళి, పాత నూతిలో నీళ్ళు తోడుకుని, పాతిక లీటర్ల డబ్బా నింపి సైకిలుకు కట్టుకోవడం మొదలుపెట్టారు. పూడ్చడానికి వచ్చిన కూలీలతో, "రేపు రండయ్యా, ఇవాళ నీళ్ళు పట్టుకోవాలి" అనేవారట. పదిరోజులు అలా జరిగాక వెంకట్రామయ్యగారు మా ఆఫీసుకొచ్చి పోస్టుమాస్టరు గారి బల్ల గుద్దారు. "మీ మనిషి టపా పంచుతున్నాడా, నీళ్ళ వ్యాపారం చేస్తున్నాడా?"

విచారించమని నన్ను పంపారు.

ఆ రోజు నా సైకిలు మీద ఆయన పక్కనే వెళ్ళాను. ఆయన సైకిలుకు ముందు టపా సంచి, వెనక డబ్బా. ఎండకు తారు చెప్పులకు అంటుకుంటోంది. ఊరు దాటాక, చేపలు ఎండబెట్టే దిబ్బ పక్కన తాటాకు ఇంటిముందు దిగారు. చేపలు అమ్ముకునే పెద్దింట్లమ్మ ఇల్లు అది. ఆమె కూతురు వీరదుర్గ ఎనిమిదో నెల కడుపుతో అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్ళు వాచి, వేలితో నొక్కితే గుంట పడేలా ఉన్నాయి.

"ఉప్పు తగ్గించమన్నారండి డాక్టరమ్మ" అంది పెద్దింట్లమ్మ, ఆయన డబ్బా తాడు విప్పుతుంటే, నాతో మెల్లిగా. "కూరలో మానేశాం. నీళ్ళలో ఉన్నదాన్ని ఏం చేస్తామండి?"

సత్యానందంగారు డబ్బా దించి కుండలో వంపారు. "ఇవి అమ్మాయికే. ఇంకెవరూ ముట్టుకోకండి. నాకు మీ పంపు నీళ్ళియ్యి, పెద్దింట్లమ్మా."

ఆమె గ్లాసు తెచ్చింది. ఆయన బుగ్గలు తిప్పలేదు, కళ్ళు మూయలేదు. గటగటా ఖాళీ చేసి, "తియ్యగా ఉన్నాయమ్మా!" అన్నారు.

నాకూ ఇచ్చింది. ఒక్క గుక్కకే గొంతు మండింది. ఆయన నావైపు చూసిన చూపుకు మిగతాది కూడా తాగేశాను.

బయటికొచ్చాక అడిగాను. "సత్యానందంగారూ, లక్షాధికారి బోరును ఆవకాయ అన్నారు. మా ఇంటి గ్లాసుకు సబ్బన్నారు. ఇక్కడ ఇంత అబద్ధం ఎందుకండీ?"

ఆయన సైకిలు ఆపారు. "పదేళ్ళ కిందట ఆ ఇంట్లో మొదటిసారి తాగినప్పుడు మొహం చిట్లించానండి. ఆవిడ గ్లాసు తీసుకుని, 'తప్పయిపోయిందయ్యా' అంది. నీళ్ళిచ్చిన మనిషి తప్పయిందనడం ఏంటండీ! వెంకట్రామయ్యగారికి చెప్తే కోపమొస్తుంది. కోపమొస్తే ఏదో ఒకటి చేస్తారు. ఈవిడకు చెప్తే సిగ్గుపడుతుంది. ఇంకేం చేయగలదు?"

తిన్నగా వెంకట్రామయ్యగారి ఇంటికే వెళ్ళి, డబ్బా ఎవరికి చేరుతోందో చెప్పాను. ఆయన తల గోక్కున్నారు. కొత్త బోరు నీళ్ళతో స్నానం చేసి జుట్టు అట్టలు కట్టి ఉన్నట్టు అప్పుడు గమనించాను.

"ఆ మాట నాతో అంటే ఏం పోయింది ఆ మనిషికి?" అన్నారు. "డబ్బా నీళ్ళు ఒక్కళ్ళకు చాలుతాయేమో. ఆ వీధంతా ఏమైపోవాలి?"

వారం తిరక్కుండా బోరు మోటారు పీకించి పాత నూతికి పెట్టించారు. ఎవరైనా పట్టుకెళ్ళేలా ప్రహరీకి బయటివైపు రెండు కుళాయిలు బిగించారు. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం, "నా బోరును ఆవకాయ అన్నాడండీ, అది మర్చిపోను" అనేవారు.

బీటు సక్రమంగా ఉందని నేను రిపోర్టు రాశాను.

జూన్‌లో వీరదుర్గకు ఆడపిల్ల పుట్టిందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. కాళ్ళ వాపు తగ్గి, పిల్లను ఒళ్ళో వేసుకుని నవ్వుతోంది. పెద్దింట్లమ్మ గ్లాసు అందించింది. తాగి, "బాగున్నాయమ్మా" అన్నాను.

"ఇవి వెంకట్రామయ్యగారి కుళాయి నీళ్ళు, నిజంగానే బాగుంటాయండి. పోస్టుమేన్ గారు మొన్న తాగి, 'కొంచెం నాచు వాసన, నుయ్యి కడిగించమను' అన్నారు."

"మరి ఇదివరకు మీ పంపు నీళ్ళు తియ్యగా ఉన్నాయనేవారు కదా!"

ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వాటిలో ఉప్పు నాకు తెల్దాండీ? పాపం ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తియ్యగా ఉన్నాయనేవోరు. నమ్మినట్టు తలూపేదాన్ని. పదేళ్ళు ఊపానండి! ఈ సంగతి ఆయనతో మాత్రం చెప్పమాకండి, చిన్నబుచ్చుకుంటారు."