డెలివరీ నోట్ల వెనక ప్రళయం

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, ప్రపంచం త్వరలోనే అంతమైపోతుందని. రెండు, ఆ లోపే దాని మీద తెలుగు కుర్రకారు కోసం నేనొక నవల రాసి తీరాలని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. సౌదీలోని దమ్మామ్‌లో నీళ్ల మోటర్లు అమ్మే కంపెనీ గోడౌన్లో స్టోర్ కీపర్ని. వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదన్న రూలు ఉండేది. ఆ మూడు గంటలూ లోడింగ్ వాళ్లు అట్టలు పరుచుకుని కునుకు తీస్తుంటే, నేను ఏసీ కింద కూర్చుని మానవజాతిని తుడిచిపెట్టేవాణ్ని.

నవలలో మనుషులు పోయి పదిహేనేళ్లవుతుంది. ఎడారిలో ఒక గోడౌన్ మిగులుతుంది. అందులో రోబోలు ఎవరి కోసమో తెలియకుండానే రోజూ పెట్టెలు దించుతూ, ఎక్కిస్తూ ఉంటాయి. ఆ రోబోలే పెంచిన పదహారేళ్ల పిల్ల వాటితోపాటు స్టాకు లెక్కపెడుతూ, సముద్రం అవతల ఇంకెవరైనా మిగిలారేమో చూసిరావాలని ఒకరోజు బయల్దేరుతుంది. గేటు దగ్గర పెద్ద రోబో అడ్డం నిలబడి, "గేట్ పాస్?" అంటుంది. పాస్ మీద మేనేజర్ సంతకం ఉండాలి. మేనేజర్ ప్రళయంలో పోయాడు. ఆ పిల్ల మూడు అధ్యాయాలుగా గేటు దగ్గరే నిలబడి ఉంది, ఎందుకంటే బయటికి ఎలా పంపాలో నాకూ తెలియదు. (ఆ రోబో మా ముదీరే. మేనేజర్ని అక్కడ అలా పిలుస్తాం. గోడౌన్ తగలబడుతున్నా 'ముందు కాగితం, తర్వాత బకెట్' అనే రకం.)

నా కాగితాలు ఎక్కడివంటే, రద్దయిన డెలివరీ నోట్లు. ప్రతి నంబరూ కనపడాలి కనక మా కంపెనీలో వాటిని చించేవాళ్లం కాదు, ట్రేలో దాచేవాళ్లం. వెనకవైపు తెల్లగా, నున్నగా ఉండేవి. రద్దు చేసిన నోటు మూడు కాపీల మీదా ఎర్రపెన్నుతో అడ్డగీత కొట్టాలి. నేను పై కాపీ మీద మాత్రమే కొట్టేవాణ్ని. కిందివాటి మీద కొడితే గీత వెనక్కి దిగి నా వాక్యాల అందం పాడవుతుందని వదిలేసేవాణ్ని. సాహిత్యం కోసం చేసిన పాపం అదొక్కటే.

నా నవలకు ఏకైక శ్రోత మా కంపెనీ ట్రైలర్ లారీ నడిపే ట్రైలర్ మామ. మాది ప్రొద్దుటూరు, ఆయనది రాయచోటి. చుట్టరికమేమీ లేదు, పరాయిదేశంలో కలిసిన వరస. ఆయన మూడేళ్లుగా ఇంటికి వెళ్లలేదు. ఆయన వచ్చేశాక పుట్టిన కూతురు ఫోన్‌నే నాన్న అనుకుని దానికి అన్నం తినిపించబోతుందట. వచ్చే శుక్రవారం ఫ్లైటు. సూట్‌కేసుని మోటర్లు తూచే కాటా మీద ఇప్పటికే నాలుగుసార్లు తూచాడు. వెళ్లేముందు ఆఖరి ట్రిప్పు తబూక్ దగ్గర ఒక తోటకి. పన్నెండు మోటర్లు ఎక్కించి, కాగితాలు పిన్ను కొట్టి ఇచ్చాను.

మామ మంగళవారం తిరిగొచ్చేసరికి కొంప మునిగి ఉంది. కాగితాల ప్రకారం ఇంకో నలభై మోటర్లు రావాలి, లారీలో లేవు అని తోటవాళ్లు ఫోన్ చేశారు. దారిలో అమ్మేసుకున్నాడని ముదీర్‌కి అనుమానం. మోటర్లు దొరికేదాకా ఎగ్జిట్ రీ-ఎంట్రీ వేయనన్నాడు. ఆ పర్మిట్ లేకపోతే మామ దేశం దాటలేడు.

"ఏందప్పా ఇది! నలభై మోటర్లు యాడ పెట్టుకుంటా నేను, జోబీలోనా?" అని మామ నా ముందు కూలబడ్డాడు. చేతిలో తోట నుంచి తెచ్చిన కాగితాలు. వాటిలో ఒకదాని వెనక నా ఏడో అధ్యాయం! ముందువైపు అదే తోట పేరు మీద రద్దయిన ఆర్డరు, అడ్డగీత లేని నలభై మోటర్లు. పిన్ను కొట్టిన మహానుభావుణ్ని నేనే.

నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మామ ప్రయాణం పోతుంది. ఇప్పుడు ధీరుడిలా రాసుకోవచ్చుగానీ, ఒక పూటంతా నోరు మూసుకునే ఉన్నాను. మధ్యాహ్నం మామ సూట్‌కేసు తెరిచి, కూతురి కోసం కొన్న చాక్లెట్లు తీసి లోడింగ్ వాళ్లకి పంచడం మొదలుపెట్టాడు. "కరిగిపోతాయి, తినండి నాయనా. మళ్లీ ఎప్పుడో ఏమో" అన్నాడు. నాకూ ఒకటిచ్చాడు. దాన్ని విప్పకుండానే జేబులో వేసుకున్నాను. లేచి ముదీర్ గదిలోకి వెళ్లిపోయాను.

ముదీర్ నోటుని తిప్పి చూసి, "ఏమిటిది?" అన్నాడు.

"నవల సార్. రోబోల గురించి. మోటర్లు అసలు బయల్దేరలేదు, ఆ నోటు రద్దయింది. తప్పు నాది, డ్రైవర్ది కాదు."

ఆయన స్టాకు చూపించమన్నాడు. వెళ్లి నలభై మోటర్లూ తానే లెక్కపెట్టి వచ్చి కూర్చున్నాడు. "ఇప్పుడు కథ చెప్పు" అన్నాడు. ఇంగ్లీషు, హిందీ, నాకొచ్చిన పది అరబ్బీ మాటలు కలిపి చెప్పాను. గేటు దగ్గర రోబో సంగతి మాత్రం టేబుల్ వైపు చూస్తూ చెప్పాను.

ముదీర్ తల ఊపాడు. "రోబో చేసింది కరెక్ట్. సంతకం లేకుండా ఎలా పంపుతుంది? ఆ పిల్ల పనేమిటి అక్కడ?"

"స్టాకు లెక్కపెడుతుంది సార్."

"అయితే స్టోర్ కీపర్. ముదీర్ లేనప్పుడు స్టోర్ కీపర్ సంతకం చెల్లుతుంది. రూలు నీ కుర్చీ వెనక గోడకే అంటించి ఉంది, చదవలేదా? తన పాస్ తనే సంతకం చేసుకుని వెళ్లమను. ఖలాస్."

మూడు అధ్యాయాల చిక్కుముడి! ఆయన మాత్రం కంప్యూటర్ వైపు తిరిగి మామ ఎగ్జిట్ రీ-ఎంట్రీ వేసేశాడు. ప్రింటు చేతికి రాగానే బతుకుజీవుడా అనుకుని మామ దగ్గరికి పరిగెత్తాను. నాకు పడిన శిక్ష ఒక్కటే, రద్దయిన నోట్లన్నింటి మీదా ఎర్రగీతలు కొట్టడం. అలా నా నవల మొత్తం నా చేత్తోనే కొట్టేశాను. ఏ సంపాదకుడూ అంత కచ్చితంగా ఉండడు.

మామ శుక్రవారమే ఎగిరిపోయాడు. నాలుగు రోజులకి ఫోన్ చేసి, "మొదాట నన్ను జూసి మంచం కిందికి దూరింది రా! ఇప్పుడు బుజం దిగమంటే దిగదు" అన్నాడు. పిల్ల నవ్వు నాకూ వినిపించింది. నవల పోతే పోయిందనిపించింది, మనస్ఫూర్తిగా.

ఇప్పుడు అదే గోడౌన్‌కి నేను ముదీర్ని. కొత్త స్టోర్ కీపర్లు వెనకాల నన్ను రోబో అంటారని తెలుసు. తప్పేం లేదు, నా సంతకం లేకుండా ఒక్క నట్టు కూడా గేటు దాటదు. కానీ ఏ డెలివరీ నోటు వచ్చినా సంతకం పెట్టేముందు ఒకసారి వెనక్కి తిప్పి చూస్తాను. ఇన్నేళ్లలో ఒక్కదాని వెనకా ఏమీ లేదు.