పత్తి ట్రాక్టర్ పోగొట్టిన మార్కు

అరవై రెండేళ్ళ వయసులో స్కూటీ నేర్చుకుని, ఎక్కడికెళ్ళాలన్నా మా ఆయన వెనక కూర్చునే అవస్థ తప్పించుకుందామని ఈ రోజు ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు వెళ్ళాను. ఒక్క మార్కులో తప్పాను. ముప్ఫయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన దాన్ని!

సిగ్నల్ లేని నాలుగురోడ్ల కూడలిలో ముందు ఎవరికి దారివ్వాలని కంప్యూటర్ అడిగింది. "పెద్ద వాహనానికి" అని నొక్కాను. మా ప్రత్తిపాడు రోడ్డు మీద రెండు పక్కలా పొంగిన పత్తి లోడుతో ట్రాక్టర్ వస్తుంటే మేమెప్పుడూ కుడీ ఎడమా చూసుకోలేదు. నోరు మూసుకుని మార్జిన్‌లోకి దిగిపోయాం.

బయట కాచుకున్న మనవరాలు ఒకటే నవ్వు. "మామ్మా, కుడివైపు నుంచి వచ్చే బండికివ్వాలి. పుస్తకంలో ఉందిగా!"

"ఆ ముక్క నువ్వెళ్ళి ట్రాక్టర్ తోలేవాడికి చెప్పిరావే. నేనిక్కడే ఉంటాను."

మళ్ళీ పరీక్ష వచ్చే వారం. ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆయన, "అయ్యో, అయితే ఇంకో వారం నేనే దింపాలన్నమాట" అంటూ, ఎవరూ అడక్కుండానే స్కూటర్ తుడవడం మొదలుపెట్టారు. ఆ మొహంలో దిగులేమైనా ఉందేమోనని వెతికాను. కనపడలేదు.

పెళ్ళయి నలభయ్యేళ్ళు దాటినవాళ్ళే చెప్పండి. వచ్చే వారం పాసవ్వమంటారా, ఇంకోసారి తప్పమంటారా?