శుక్రవారానికి కావలసిన గ్లవ్

మొన్న మనవరాలిని కొత్త చెప్పులు కరిచాయి. వాటిని తీసుకుని, పట్టీల లోపల ఆముదం రాసి, బొటనవేళ్లతో పిసుకుతూ కూర్చున్నాను. "తాతా, నీకిది ఎవరు నేర్పారు?" అంది. "మా నాన్న" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నా చేతులు ఆగిపోయాయి.

డెబ్భైల చివర ఒమన్ దేశపు సలాలాలో కంపెనీ రూములో ఆరుగురం ఉండేవాళ్లం. నేను బడి మొహం చూసినవాణ్ని కాను. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. మా నాన్న చెప్పులు కుట్టేవాడన్న సంగతి మాత్రం అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా కంచం వేరు చేస్తారని భయం. ఒకే పైపు కింద స్నానం చేసి, అర్బాబు అని పిలిచే ఒకే అరబ్బు యజమాని చేత తిట్లు తిని, మళ్లీ అన్నం దగ్గర కులం వెతుక్కునే బతుకులు మావి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిజంగా వేరు చేసేవాళ్లో లేదో మాత్రం నేనెన్నడూ తెలుసుకోలేదు.

మా ఊరి సిస్టరమ్మ ఒకావిడ అక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉంటూ తన ఏడేళ్ల కూతుర్ని పెంచుకుంటుండేది. ఆవిడ సేవకు మెచ్చి ఒక అమెరికా ఇంజినీరు భార్య ఆ పిల్లకు కొత్త బేస్‌బాల్ గ్లవ్, అదే బంతి పట్టడానికి చేతికి వేసుకునే మందపాటి తోలు తొడుగు, ఇచ్చింది. పిల్ల చెయ్యి అందులో గంప కింద కోడిపిల్లలా ఉండేది. రెండు చేతులతో నొక్కినా అది ముడుచుకునేది కాదు. శుక్రవారం దొరల పిల్లల ఆటలో బంతి పట్టి చూపిస్తే జట్టులో చేర్చుకుంటామన్నారట. అప్పటిదాకా దానిది బంతులు ఏరే పనే.

సిస్టరమ్మ గ్లవ్ పట్టుకుని మా రూముకి వచ్చింది. "అన్నయ్యా, మీ నాన్నగారు కుట్టిన చెప్పులేసుకునే నేను బడికెళ్లాను. ఆ పనితనం నీకూ వచ్చుంటుంది. శుక్రవారంలోగా మెత్తగా చేసి పెట్టవా" అంది.

మాతోపాటే రూములో ఉండే మేస్త్రీ బియ్యం ఏరుతున్నవాడు తలెత్తాడు. "ఏంది తమ్మీ, మీ నాయిన చెప్పులు కుడుతుండెనా?"

"ఈవిడ నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నారు. మాది వ్యవసాయం" అన్నాను.

సిస్టరమ్మ నా మొహంలోకి కాసేపు చూసింది. "అవునండీ, పొరబడ్డాను" అంది. అన్నయ్య పోయి అండీ వచ్చింది.

"గింత దానికేముందమ్మా, నేను జేస్త తే" అని మేస్త్రీ పుచ్చుకుని, మరిగే నీళ్లలో ముంచి, రేకుల మీద ఎండబెట్టాడు. ఉడికిన తోలు చెక్కలా బిగుసుకుంటుందని నాకు తెలుసు. కొబ్బరినూనె రాసి, లోపల బంతి పెట్టి తాడుతో కట్టి, రోజూ కాసేపు పిసికితే చాలనీ తెలుసు. సలాలాలో కొబ్బరినూనెకేం కరువు? చెబితే నీకెలా తెలుసంటారని నోరు మూసుకున్నాను.

శుక్రవారం మైదానం పక్కన నిలబడి చూశాను. బంతి వచ్చి గ్లవ్‌కి టక్కున తగిలి ఎగిరిపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ అంతే. ఆ తర్వాత పిల్ల ఎవరూ చెప్పకుండానే గ్లవ్ తీసి చంకలో పెట్టుకుని, గీత అవతలకు పోయి బంతులు ఏరడం మొదలుపెట్టింది. ఒకటి నా కాళ్ల దగ్గరికి దొర్లింది. తీసి ఇచ్చాను. "థాంక్యూ మామయ్యా" అని పరుగెత్తింది. పాపం మేస్త్రీ, చేతనైంది చేశాడు. చెడగొట్టింది అతను కాదు.

మనవరాలి చెప్పులు రెండు రోజుల్లో మెత్తబడ్డాయి. తోలుకు ఆ మాత్రం చాలు. "మా నాన్న" అనడానికి నాకు నలభై ఏళ్లకు పైనే పట్టింది. ఈలోగా ఆ పిల్ల చెయ్యి ఆ గ్లవ్‌లో పట్టనంత పెద్దదైపోయి ఉంటుంది.