పుస్తకం దుర్గ

ఆ లంక ఊళ్లో సాయిదుర్గలు ముగ్గురున్నారు. ఒకరు కొట్టు దుర్గ, ఒకరు పొడుగు దుర్గ, ఈమె పుస్తకం దుర్గ. తొమ్మిదేళ్లప్పుడు పుస్తకంలోకెక్కింది. కొల్లేటి పిల్లలు ఏం తింటారో, ఏం ఆడుకుంటారో ఎక్కడెక్కడి దేశాల పిల్లలకో చెప్పే బొమ్మల పుస్తకం అది. హైదరాబాదు నుంచి వచ్చిన రచయిత్రి ఆమెను దోనెలో నిలబెట్టి, చేతికి గెడ ఇచ్చి ఫొటోలు తీయించింది. దుర్గకు గెడ వేయడం అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

తెలుగులో అచ్చయిన కాపీ ఒకటి ఇంటికొచ్చింది. ఆఖరి పేజీలో దుర్గ బొమ్మ కింద ఉంది: "నాకు కొల్లేరంటే ప్రాణం. పెద్దయినా దీన్ని విడిచి వెళ్లను."

ఆ మాట తను అనలేదు. ఊరంతా చదివి మురిసిపోతుంటే, అనలేదని ఎవరితో చెప్పుకుంటుంది?

పదో తరగతయ్యాక తాడేపల్లిగూడెం పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. తండ్రి పోతురాజు కేకలేయలేదు. బీరువాలోంచి పుస్తకం తీసి ఆఖరి పేజీ తెరిచాడు.

"నువ్వన్న మాటేగా అమ్మా? అచ్చులో ఉంది."

"నేననలేదు నాన్నా. ఆవిడే రాసుకుంది."

"అంత చదువుకున్నావిడ లేనిది రాస్తుందేంటే?"

ఆ సీటు అలాగే పోయింది. మూడేళ్లకు పెళ్లయింది, నాలుగిళ్ల అవతలే. పెళ్లిచూపుల్లో కాఫీతోపాటు పుస్తకం కూడా చేతులు మారింది. ఊరు విడవని పిల్ల అని అత్తగారు రాజేశ్వరమ్మ ముచ్చటపడింది. భర్త చేపల చెరువుల మీద కాపలా. ఓ రెండు రోజులు ఏలూరు వెళ్లొస్తానంటే, "కొల్లేరు నీ మీద బెంగెట్టుకోదూ?" అని నవ్వేవాడు.

ఈ మధ్య ఆ రచయిత్రే ఫోన్ చేసింది. కొత్త పుస్తకం వేస్తున్నారట, ఈసారి దుర్గ కూతురి మీద. ఆలోచించి చెబుతానని దుర్గ అనేలోపే, రమ్మనమని అత్తగారు పక్కనుంచి కేకేసింది. దుర్గ ఒక్కటే అడిగింది.

"పిల్ల ఏమంటే అదే రాయండి మేడం. అననిది రాయొద్దు."

"అయ్యో, అననిది నేనెందుకు రాస్తాను దుర్గా?"

ఆవిడకు నిజంగానే గుర్తులేదు.

ఆదివారం పొద్దున చెరువు గట్టున ఎనిమిదేళ్ల సాయిప్రియ కొత్త పరికిణీలో బిగుసుకుపోయి నిలబడింది. ఫొటోలయ్యాక రచయిత్రి నోట్‌బుక్ తెరిచింది.

"పెద్దయ్యాక ఏమవుతావు ప్రియా?"

"ఏమవుద్దండీ," అంది రాజేశ్వరమ్మ. "వాళ్లమ్మలాగే ఇక్కడే మా కళ్లముందే ఉంటానంటదండీ."

పెన్ను కదిలింది.

"అది అత్తయ్యగారి మాటండి. కొట్టేయండి," అంది దుర్గ.

"నీకెందుకే అంత రోషం? ఆ పుస్తకమే లేకపోతే నువ్వెవరో ఎవరికి తెలుసు?" అంది అత్తగారు.

రచయిత్రి నవ్వి, ఆ వాక్యం కొట్టేసింది. "సరే, నువ్వే చెప్పమ్మా."

సాయిప్రియ నానమ్మ వైపు చూడలేదు. తల్లి మొహంలోకి చూసింది, బడిలో జవాబు రానప్పుడు పక్కపిల్ల పలక చూసినట్టు. అక్కడ ఏం రాసి ఉందో దుర్గకు తెలుసు. తాడేపల్లిగూడెం, హాస్టలు, బస్సు. అదే పిల్ల నోట్లోంచి వస్తే అదీ పిల్ల మాట కాదు.

దుర్గ చెరువుల వైపు తిరిగింది. "నన్ను చూడకు. నీకేది అనిపిస్తే అది చెప్పు."

వెనక గట్టు మీద చిన్న అడుగుల చప్పుడైంది. సాయిప్రియ చుట్టూ తిరిగి వచ్చి, తలెత్తి, మళ్లీ ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది.