గొడుగు మీద పడ్డ దెబ్బలు

ప్రయోగశాల మేడ మీది డిష్ యాంటెన్నాకు బోల్టులు బిగించేదీ, గ్రీజు పెట్టేదీ అతనొక్కడే. అది తిరగేసిన గొడుగులా ఉంటుందని అతనికి గొడుగు గారు అనే పేరు ఖాయమైపోయింది. కోపమొస్తే భార్య కూడా అలాగే పిలిచేది.

ఆ డిష్ మాట్లాడేది భూమికి దగ్గర్లో తిరిగే ఒక ప్రయోగాత్మక ఉపగ్రహంతో. ఏ చిప్పు చెడినా, కింది నుంచి ఆదేశాలు పంపితే అది తన చిప్పుల్లోని సర్క్యూట్ల అమరికను తనే మార్చుకుని బాగుపడాలి.

"పైకెళ్లి బాగుచేసే మెకానిక్ లేడు కదండీ" అంది ఆ ఆదేశాలు పంపే ఇంజినీరమ్మ.

"మా మిక్సీకి కూడా అలాంటిదొకటి పెట్టి పుణ్యం కట్టుకోండమ్మా" అన్నాడతను.

ఆ వేసవిలో వెనకవీధిని విషజ్వరాలు పట్టుకున్నాయి. డిష్ కిరణాల వల్లేనని పుకారు లేచింది. అతని బావమరిది కూతురు, నాలుగేళ్ల పిల్ల, చనిపోయింది.

"దాన్ని పీకించెయ్ బావా" అన్నాడు బావమరిది.

"దానివల్ల కాదురా. నేను రోజూ దాని కిందే కదా కూర్చునేది!"

ఓదార్పుగా అన్న ఆ మాటే వాడి గుండెల్లో దిగబడింది. కింద కూర్చున్నవాడు గుండ్రాయిలా ఉన్నాడు, పిల్ల పోయింది.

మర్నాడు మధ్యాహ్నం గుంపు గేటు విరగ్గొట్టుకుని వచ్చింది. రాయి తగిలి వాచ్‌మన్ తల పగిలింది. ఆ ఉదయమే అంతరిక్షంలోని రేడియేషన్ దెబ్బకు ఉపగ్రహంలో ఒక చిప్పు చెడిపోయింది. కింద గదిలో ఇంజినీరమ్మ దానికి కొత్త అమరిక పంపుతోంది. "కాసేపు డిష్‌ను ఎవర్నీ ముట్టుకోనివ్వకండి!" అని అతనికి ఫోన్లో అరిచింది.

అతను మేడ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. తలుపు బద్దలైంది. ఇనపరాడ్డుతో బావమరిది ముందుకు దూకాడు. మొదటి దెబ్బకు అతని ఎడమ ముంజేయి పుటుక్కుమంది. రెండోది భుజం మీద పడింది. కుడిచేతిలోని పెద్ద పానాతో అతను వాడి మొహం మీద కొట్టాడు. వాడు కూలబడ్డాడు, రాడ్డు దూరంగా దొర్లింది. అయినా అతను ఆగలేదు. కింద పడ్డవాణ్ణి మళ్లీ కొట్టాడు. వాడి కన్ను చితికిపోయింది. అప్పుడు మిగతావాళ్లు అతని మీద పడి పక్కటెముకలు విరిగేదాకా తన్నారు. డిష్‌ను వంచి, పీకి, కిందికి తోసేశారు.

ఆస్పత్రిలో ఇద్దరివీ ఒకే వార్డులో మంచాలు. ఇంజినీరమ్మ మొహం చాటంత చేసుకుని వచ్చింది.

"ఆదేశం పూర్తిగా వెళ్లిందండీ! అమరిక మార్చుకుందట. వేరే స్టేషన్ వాళ్లకు దాని సిగ్నల్ అందింది."

"వాడికి కన్ను వస్తుందామ్మా?"

ఆమె నవ్వు మాయమైంది.

జ్వరాలకు కారణం మంచినీళ్ల పైపులో కలిసిన మురుగని తర్వాత తేలింది. అప్పటికే బావాబావమరుదులిద్దరికీ జైలుశిక్ష పడింది.

అంతకుముందు, వార్డులో ఉన్న రోజుల్లోనే, భార్య ఒకసారి అడిగింది.

"వాడి చేతిలో రాడ్డు లేదటగా, రెండోసారి కొట్టినప్పుడు?"

"లేదు."

"మరి?"

ఆమె నీళ్ల గ్లాసు తీసుకుని తమ్ముడి మంచం దగ్గరికి వెళ్లిపోయింది.