మట్టి అంటని పెట్టె

నేనేం వ్యాపారం చేస్తానో ఒక్క ముక్కలో చెప్పమంటే ఇప్పటికీ తడుముకుంటాను. బెర్లిన్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మనవాళ్ళెవరైనా అడిగితే "ఇనప పెట్టెలు అద్దెకిస్తాను" అంటాను. షిప్పింగ్ కంటెయినర్లా అంటారు. కాదు. మురుగు పైపు వెయ్యడానికి రోడ్డు పక్కన లోతుగా కందకం తవ్వుతారు కదా, అందులో మనిషి దిగి పనిచేస్తున్నప్పుడు పక్కల మట్టి విరిగి మీద పడకుండా దించే పెట్టె అది. అటొక ఉక్కు గోడ, ఇటొక ఉక్కు గోడ, వాటిని విడదీసి పట్టుకునే అడ్డకమ్మీలు. మూతా అడుగూ ఉండవు. ఈ దేశంలో కందకం ఒకటింబావు మీటరు లోతు దాటితే గోడలకు ఆసరా పెట్టాలి, లేదంటే వాలుగా తవ్వాలి. అది నిబంధన. ఒక ఘనమీటరు మట్టి ఒక కారంత బరువు ఉంటుంది. ఛాతీ దాకా కప్పేస్తే చాలు, తల బయటే ఉన్నా ఊపిరాడదు.

ఈ సంగతి నాకు చదువుకన్నా ముందే తెలుసు. మా నాన్న బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. నేను ఫ్రైబర్గ్‌లో మైనింగ్ చదివి, కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, జీగెన్ అనే ఊరి బయట ఒక యార్డు తీసుకుని, వాడిన పెట్టెలు కొని రంగులేసి ఈ పని మొదలుపెట్టాను. ఇంట్లో నికరమైన ఉద్యోగం నా భార్యది. నాది సరదా అని ఆమె అభిప్రాయం.

మొదటి లాక్‌డౌన్‌లో నిర్మాణ పనులు ఆగలేదని టీవీలో గొప్పగా చెప్పేవారు. ఆగలేదు, నిజమే. కానీ పన్నులు పడిపోయేసరికి మా చుట్టుపక్కల మున్సిపాలిటీలు కొత్త పైపుల పనులన్నీ వచ్చే ఏటికి నెట్టేశాయి. టాయిలెట్ పేపర్ కోసం సూపర్‌మార్కెట్‌లో తోసుకున్న జనానికి, అదంతా కొట్టుకుపోయే గొట్టం ఎవరు వేస్తారో, ఎలా వేస్తారో పట్టలేదు. నా పెట్టెలు ఒక్కొక్కటే తిరిగొచ్చి యార్డులో కూర్చున్నాయి. ఉన్న ఒక్క డ్రైవర్నీ కుర్త్సార్‌బైట్‌లో పెట్టాను, అంటే పని లేని గంటలకు ప్రభుత్వం కొంత జీతం ఇస్తుంది. లారీ నేనే నడిపేవాణ్ణి.

అలాంటప్పుడు దొరికాడు ఒక కాంట్రాక్టరు. పాత పైపులు మార్చే చిన్న చిన్న పనులు అతని చేతిలో ఇంకా ఉన్నాయి. వారం వారం ఫోన్ చేసేవాడు. ఒక్క పెట్టె, ఒక్క పూటకి. పొద్దున దింపాలి, మధ్యాహ్నం తీసుకుపోవాలి. బేరం లేదు, నస లేదు. అన్నిటికన్నా నాకు నచ్చిందేమిటంటే, పెట్టె శుభ్రంగా తిరిగొచ్చేది. మిగతావాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన పెట్టెకి బురద ఎండి గట్టిపడి ఉంటుంది. సుత్తితో రాలగొట్టి, పైపు పట్టి గంటలు గంటలు కడగాలి. ఇతని పెట్టె కడిగిన కంచంలా ఉండేది.

"చూసినవా, కడిగి మరీ ఇస్తున్నడు. పనంటే గిట్లుండాలె," అని నా భార్యతో అన్నాను.

ఆమె మీటింగ్ మ్యూట్‌లో పెట్టి, "నువ్వు ఒక్కనాడన్న తిన్న ప్లేటు కడిగినవా?" అంది.

అక్కడితో ఆగానా? మంచి కస్టమరని అతనికి అద్దెలో తగ్గింపు కూడా ఇచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం పెట్టెను లారీ మీదికి ఎక్కిస్తుంటే దాని కింది అంచు కళ్ళబడింది. మట్టిలోకి దిగేది ఆ అంచే. ఒక్కసారి దిగినా రాళ్ళకు గీసుకుని రంగు పోతుంది, ఉక్కు బయటపడుతుంది. చలికాలంలో నేను వేసిన పసుపు రంగు దాని మీద చెక్కు చెదరకుండా ఉంది. పెట్టెను కడగడం కాదు, వాడటమే లేదు.

తరవాతి వారం పెట్టె దింపి, వెళ్ళినట్టే వెళ్ళి, గంటకల్లా తిరిగొచ్చాను. కందకం దగ్గర బరువు నిలిపితే గోడ విరుగుతుందని లారీ దూరంగా ఆపి నడిచి వెళ్ళాను. పెట్టె ఫుట్‌పాత్ మీద ఉంది. కందకం రెండు మీటర్లకు పైనే ఉంటుంది, గోడలు నిటారుగా ఉన్నాయి. అడుగున ఇద్దరు మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని పైపు కలుపుతున్నారు. పైన ఇంకో ముగ్గురు కూలీలు. అయిదుగురి ముఖాలకూ మాస్కులున్నాయి.

కాంట్రాక్టరు నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "మాస్క్ పెట్టుకోండి. ఒకటిన్నర మీటరు దూరం పాటించండి. సైట్‌లో మేము నియమాలు కచ్చితంగా పాటిస్తాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. తుంపర పడకుండా మూతికి గుడ్డ కట్టించాడు, టన్నుల మట్టి పడకుండా ఏమీ పెట్టలేదు. గేటు దగ్గర చేతులకు రాసుకునే శానిటైజర్ సీసా కూడా ఉంది.

"పెట్టె బయటెందుకు ఉంది?" అన్నాను.

"పని అయిపోయింది దానితో," అని అతను తన టాబ్లెట్ తిప్పి చూపించాడు. దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు. ఆ రోజుల్లో తనిఖీకి మనుషులు రావడం మానేశారు, ఫొటోలు పంపమనేవారు. ఇతను పెట్టెను ఎక్స్‌కవేటర్‌తో ఎత్తి, కందకం నోటి దగ్గర వేలాడదీసి, లోపల దించినట్టు కనబడేలా రెండు ఫొటోలు తీసి, పక్కన పెట్టేస్తున్నాడు. ఫొటోల కింద నా లీఫర్‌షైన్ స్కాన్ చేసి ఉంది. పెట్టె దింపినట్టు నేనిచ్చే కాగితం అది. నా ముద్ర, నా సంతకం. అతను అద్దెకు తీసుకుంటున్నది పెట్టెను కాదు, నా సంతకాన్ని.

"పెట్టె దించి, జరుపుతూ పోతే పని రెండింతలవుతుంది. ఈ కాలంలో అది ఎవరికి కుదురుతుంది? మీ అద్దె మీకు అందుతోంది. మీ ఇబ్బంది ఏమిటి?" అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

నేను కందకంలో ఉన్నవాళ్ళను పైకి రమ్మని అరిచాను. వాళ్ళు నా వైపు కాదు, అతని వైపు చూశారు. వాళ్ళలో పెద్దవాడు, రుమేనియా నుంచి వచ్చినవాడు, నెరిసిన కనుబొమలు, నా మీద జాలిపడినట్టు, "నేల గట్టిది. షెఫ్ చెప్పాడు," అన్నాడు. షెఫ్ అంటే ఇక్కడ యజమాని. ఎవరూ పైకి రాలేదు.

చేతనైనన్ని మాటలు అన్నాను. ఇకమీదట నా పెట్టె ముట్టుకోవద్దన్నాను. పెట్టె ఎక్కించుకుని వచ్చేశాను. అదే రోజు పనివాళ్ళ భద్రత చూసే ప్రభుత్వ ఆఫీసుకు ఈమెయిల్ రాశాను, ఫోన్ కూడా చేశాను. ఫోన్‌లో సంగీతం. ఈమెయిల్‌కి నిమిషంలో యంత్రం జవాబిచ్చింది, మహమ్మారి కారణంగా సైట్ సందర్శనలు పరిమితమట, ఫొటోలు జతచేయమంది. ఫొటోలు వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉన్నాయి, మహా చక్కగా వచ్చిన ఫొటోలు.

ఇంటికొచ్చి, ఉన్న ఒక్క కస్టమర్నీ వదులుకుని ఎలా వచ్చానో నా భార్యకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె అంతా విని, "పెట్టె తెచ్చినవ్, మంచిగనే ఉంది. మనుషులో?" అంది.

"నా సంతకం మీద అబద్ధం నడవనియ్య."

"నీ సంతకం సంగతి గాదు. మనుషుల సంగతి అడుగుతున్న."

ఆమె మీద కూడా కోపమొచ్చింది. పక్కన పడి ఉన్న పెట్టెనైనా ఎప్పుడో ఒకప్పుడు దించుకునేవారేమో, నేను అదీ లేకుండా చేశాను. నా మటుకు నేను చేతులు దులుపుకుని, దానికి న్యాయమని పేరు పెట్టుకున్నాను.

మరో రెండు వారాలకు ఫోన్ మోగింది. తెలియని నంబరు. నెమ్మదిగా, ఒక్కో జర్మన్ మాటా వెతుక్కుంటూ మాట్లాడుతున్న గొంతు. నెరిసిన కనుబొమల మనిషి. పెట్టె మీద రాసి ఉన్న నంబరు చూసి రాసుకున్నాడట.

"గురువారం మూడు మీటర్లు తవ్వుతాం," అన్నాడు. "పాత పైపు పక్కన. అక్కడి మట్టి మంచిది కాదు, అంతా పూడ్చిన మట్టి. గురువారాలు షెఫ్ ఉండడు, వేరే సైట్‌కి పోతాడు. మిషన్ నడిపేది మా మనిషే. మీ పెట్టె దించుకుంటాం."

"ఫొటోకా?" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గే.

"కాదు. లోపల నిలబడటానికి." మళ్ళీ తనే, "ఒక్క రోజుకి ఎంత? అయిదుగురం కలిసి ఇస్తాం. షెఫ్‌కి చెప్పొద్దు," అన్నాడు.

రేట్లు నిద్రలో అడిగినా చెప్పగలను, ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు. ఇంత నియమాల దేశంలో, ప్రతి తలుపు మీదా ఎంతమంది లోపలికి రావాలో రాసిపెట్టిన రోజుల్లో, అయిదుగురు కూలీలు తమ మీద మట్టి పడకుండా ఉండటానికి తమ జీతంలోంచి చందా వేసుకుంటున్నారు. కాంట్రాక్టరు మీద, ఆఫీసు మీద, ఆ జవాబిచ్చే యంత్రం మీద, పెట్టెను ఎత్తుకొచ్చిన నా మీద, అందరి మీదా ఒక్కసారే కోపం పొంగింది.

"డబ్బులేం వద్దు. గురువారం పొద్దున్నే వస్తాను. ఊరికే తీసుకోండి," అన్నాను.

అతని వెనక ఎక్స్‌కవేటర్ చప్పుడు వినిపిస్తోంది.

"ఊరికే వద్దు," అన్నాడు. "ఊరికే అయితే ఈసారి వస్తారు, వచ్చే వారం మీరు రారు. ఎంతో చెప్పండి."